ఐయుపిఎసి పేరు రాసేటప్పుడు నంబర్లు ఎందుకు తప్పుతాయి? ప్రమేయ సమూహాన్ని ఎలా గుర్తుపట్టాలి?

రాజోలు దగ్గర్నుంచి ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఐయుపిఎసి అంటే రసాయన పదార్థాల పేర్లకి అంతర్జాతీయ నియమాలు పెట్టే సంస్థ. ప్రమేయ సమూహాల (సమ్మేళనం ఏ కుటుంబానిదో చెప్పే పరమాణువుల గుంపుల) ప్రాధాన్యతా క్రమం మొత్తం నోటికి వచ్చట. అయినా నిర్మాణం ఇచ్చి పేరు రాయమంటే నంబర్లు తప్పుతున్నాయి. ఆల్డిహైడ్‌కీ కీటోన్‌కీ, ఆమ్లానికీ ఎస్టర్‌కీ తేడా అందడం లేదు. పైగా ఒక పుస్తకంలో 2-బ్యూటనోల్ అనీ, ఇంకో పుస్తకంలో బ్యూటాన్-2-ఓల్ అనీ ఉంది, రెండింట్లో ఏది రాయాలి అని అడిగింది. తను తప్పు చేసిన లెక్క కూడా పెట్టింది, మంచి పని చేసింది.

ముందు సూటిగా జవాబు చెప్తానమ్మా. చైన్ లెక్కపెట్టడంతో మొదలుపెట్టకు. ముందు కార్బన్, హైడ్రోజన్ కాని పరమాణువులు ఎక్కడున్నాయో చూడు. వాటికి ఇటూ అటూ ఏముందో చూడు. ప్రధాన ప్రమేయ సమూహం ఏదో తేలాకే చైన్, ఆ తర్వాతే నంబర్లు. పుస్తకాల రెండో అనుమానానికి: రెండూ ఒకే పదార్థం పేర్లే, ఇప్పటి పద్ధతి బ్యూటాన్-2-ఓల్. కారణం కింద రాశాను.

నేను అమలాపురంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంటాను. పట్టిక బాగా బట్టీ పట్టిన పిల్లలే ఈ తప్పు ఎక్కువగా చేస్తారు. సమూహం పేరు తెలిశాక ఏం చెయ్యాలో పట్టిక చెబుతుంది. బొమ్మలో ఆ సమూహాన్ని కనిపెట్టడం మాత్రం అది నేర్పదు. అది చేతితో గీస్తేనే వస్తుంది. కింద ఫార్ములాలు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, పక్కన కాగితం పెట్టుకుని గీసుకుంటూ చదువు.

నువ్వు పెట్టిన లెక్క ఇది: సీహెచ్3 – సీహెచ్(ఓహెచ్) – సీహెచ్2 – సీహెచ్(సీహెచ్3) – సీహెచ్ఓ. ఎడమ నుంచి లెక్కపెట్టుకుంటూ పోయి 2-హైడ్రాక్సీ-4-మిథైల్‌పెంటాన్-5-ఆల్ అని రాశావు. సమూహాలన్నీ సరిగ్గానే పట్టుకున్నావు, చైన్‌లో ఐదు కార్బన్లన్నదీ సరైనదే. తప్పిందల్లా మొదలుపెట్టిన చోటు. ఇందులో ఆక్సిజన్లు రెండు. ఒకటి ఓహెచ్‌లో, ఒకటి సీహెచ్ఓలో. ఆల్డిహైడ్ ఆల్కహాల్ కన్నా పైది, కాబట్టి ఆల్డిహైడ్ కార్బనే ఒకటో నంబరు. అక్కణ్ణుంచి వెనక్కి వస్తే రెండో కార్బన్ మీద మిథైల్, నాలుగో కార్బన్ మీద ఓహెచ్. పేరు 4-హైడ్రాక్సీ-2-మిథైల్‌పెంటనాల్.

ఆల్ ముందు నంబరు ఎందుకు లేదో కూడా తెలుసుకో. కార్బన్‌కి ఉండేవి నాలుగు బంధాలు. సీహెచ్ఓలో రెండు ఆక్సిజన్‌కి, ఒకటి హైడ్రోజన్‌కి పోయాయి. మిగిలింది ఒక్కటే, కాబట్టి ఆ కార్బన్ చైన్ మధ్యలో ఉండలేదు, ఎప్పుడూ చివరే. సీఓఓహెచ్ అయినా, సీఎన్ అయినా ఇంతే. చివర ఉండి తీరేదానికి నంబరు చెప్పక్కర్లేదు. కీటోన్‌లో అయితే ఆక్సిజన్‌కి రెండు పోగా ఇంకా రెండు బంధాలుంటాయి, రెండు వైపులా కార్బన్లే. అంటే అది మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు, అందుకే పెంటాన్-2-ఓన్, పెంటాన్-3-ఓన్ అని నంబరు కావాలి. ఇది అర్థమైతే ఆల్డిహైడ్‌కీ కీటోన్‌కీ తేడా మళ్ళీ మర్చిపోవు.

పేరు ఎలా నిర్మించారో ఒక్క మాటలో చెప్తాను. మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది, కర్బన సమ్మేళనాల్లో చివరొస్తుంది. చివరి పరపదం ఏ కుటుంబమో చెబుతుంది, దాని ముందున్న మూలపదం ఎన్ని కార్బన్లో చెబుతుంది, ఇంకా ముందున్నవి చైన్‌కి తగులుకున్న ప్రతిక్షేపకాలు. కుటుంబం తేలకుండా పేరు రాయడం మొదలుపెడితే నంబర్లు తప్పక ఏం చేస్తాయి? ఒక సమ్మేళనంలో మూడు సమూహాలున్నా చివర కూర్చునే హక్కు ఒక్కదానికే. మిగతావి పూర్వపదాలుగా ముందుకు వెళ్ళాలి. ఆల్కహాల్ హైడ్రాక్సీ అవుతుంది, కీటోన్ ఆక్సో అవుతుంది, ఎమీన్ ఎమైనో అవుతుంది, నైట్రైల్ సయనో అవుతుంది.

ఇక అసలు చిక్కు కార్బోనిల్ దగ్గర. కార్బన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య ద్విబంధం కనబడగానే పిల్లలు కీటోన్ అనేస్తారు. ద్విబంధం చూసి ఆగిపోకూడదు, ఆ కార్బన్‌కి మిగతా రెండు వైపులా ఏముందో చూడాలి. రెండు వైపులా కార్బన్లుంటే కీటోన్. ఒకవైపు హైడ్రోజన్ ఉంటే ఆల్డిహైడ్. ఒకవైపు ఓహెచ్ ఉంటే ఆమ్లం. ఆక్సిజన్ ఉండి దాని అవతల మళ్ళీ కార్బన్ ఉంటే ఎస్టర్. నైట్రోజన్ ఉంటే ఎమైడ్. క్లోరిన్ ఉంటే ఆమ్ల క్లోరైడ్. ఓహెచ్‌ని కూడా ఇలాగే చూడాలి. కార్బోనిల్ కార్బన్ మీదే ఉంటే ఆమ్లం, బెంజీన్ వలయం మీద నేరుగా ఉంటే ఫీనాల్, మామూలు కార్బన్ మీద ఉంటే ఆల్కహాల్. బెంజీన్ వలయానికి ఒక సీహెచ్2 తగిలి, దాని మీద ఓహెచ్ ఉంటే అది ఫీనాల్ కాదు, ఆల్కహాలే. దీన్ని బెంజైల్ ఆల్కహాల్ అంటాం. బొమ్మలో వలయం కనబడేసరికి చాలామంది ఇక్కడే పడిపోతారు.

పరీక్షలో బొమ్మ ఇవ్వకుండా కుదించిన ఫార్ములా ఇస్తారు, అసలు మోసం అక్కడుంది. సీహెచ్3సీఓఓసీ2హెచ్5, సీ2హెచ్5సీఓఓసీహెచ్3 చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మొదటిది ఇథైల్ ఇథనోయేట్, రెండోది మిథైల్ ప్రొపనోయేట్. ఎస్టర్ పేరులో మొదటి మాట ఒంటరి ఆక్సిజన్ అవతల ఉన్న ముక్కది, రెండో మాట కార్బోనిల్ ఉన్న ముక్కది. కార్బోనిల్ కార్బన్‌ని రెండో ముక్కలో కలిపే లెక్కపెట్టాలి. కాబట్టి కుదించి ఉన్నదాన్ని ముందు విప్పి, ప్రతి బంధాన్నీ గీయి. ఒక్క నిమిషం పడుతుంది, మార్కు మిగులుతుంది.

ఆ రెండు ఎస్టర్లలో పరమాణువులు లెక్కపెట్టి చూడు. రెండింట్లోనూ నాలుగు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు. బ్యూటనోయిక్ ఆమ్లంలోనూ సరిగ్గా అవే. కానీ ఇథైల్ ఇథనోయేట్‌ది పళ్ళ తీపి వాసన, నెయిల్ పాలిష్ సీసా మూత తీస్తే వచ్చేది చాలా భాగం అదే. బ్యూటనోయిక్ ఆమ్లానిది పాడైన వెన్న కంపు. ఫార్ములా ఒకటే అయినా పేరు వేరుగా ఎందుకుండాలో ఈ రెండింటి వాసన చూస్తే చాలు, ఇంకో వివరణ అక్కర్లేదు. ల్యాబ్‌లో మాత్రం సీసా ముక్కు దగ్గర పెట్టుకోవద్దు, చేత్తో గాలి విసురుకుని చూడాలి.

ప్రాధాన్యతా క్రమం గుర్తుండటానికి నేను క్లాసులో చెప్పే దారి ఒకటుంది. ఇది ఐయుపిఎసి నియమం కాదు, గుర్తుపెట్టుకోవడానికి మాత్రమే. సమూహంలోని కార్బన్‌కి ఆక్సిజన్, నైట్రోజన్, హాలోజన్‌లాంటి వాటితో ఎన్ని బంధాలున్నాయో లెక్కపెట్టు. ఆమ్లం, ఎస్టర్, ఆమ్ల క్లోరైడ్, ఎమైడ్, నైట్రైల్ వీటన్నిటికీ మూడేసి. అవన్నీ పైన. ఆల్డిహైడ్‌కీ కీటోన్‌కీ రెండేసి, అవి మధ్యలో. ఆల్కహాల్‌కీ ఎమీన్‌కీ ఒక్కొక్కటి, అవి కింద. ఆ తర్వాత ద్విబంధం, త్రిబంధం. సల్ఫోనిక్ ఆమ్లం ఒక్కటే ఈ లెక్కకి లొంగదు, దాన్ని కార్బాక్సిలిక్ ఆమ్లం కిందే విడిగా గుర్తుపెట్టుకో. మన వైపు తెల్లవారి దింపిన కల్లు నిలవుంటే పుల్లబడుతుంది కదా. ఆ పులుపులో కొంత భాగం ఈ మెట్లు ఎక్కడం వల్లే. ఇథనోల్‌ని బాక్టీరియా ఇథనాల్ మీదుగా ఇథనోయిక్ ఆమ్లం చేస్తుంది. ఒకటి, రెండు, మూడు బంధాలు.

నైట్రో సమూహంలో రెండు ఆక్సిజన్లు చూసి దాన్ని పైకి ఎక్కించకు. నైట్రో, హాలోజన్లు, ఆల్కాక్సీ, ఆల్కైల్ సమూహాలు ఎప్పుడూ ముందే ఉంటాయి, వాటికి పరపదం అయ్యే అవకాశమే లేదు.

కార్బన్ల లెక్కలో జారే చోటు ఇంకొకటుంది. సీహెచ్3సీహెచ్2సీఎన్‌ని ఇథేన్‌నైట్రైల్ అని రాసేవాళ్ళు బోలెడుమంది. సీఎన్‌లోని కార్బన్ కూడా చైన్‌లోదే, కాబట్టి ప్రొపేన్‌నైట్రైల్. కానీ సీఓఓహెచ్ వలయానికి తగిలి ఉంటే దాని కార్బన్‌ని వలయంలో లెక్కపెట్టలేం, అప్పుడు సైక్లోహెక్సేన్‌కార్బాక్సిలిక్ ఆమ్లం అంటాం. నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లం కూడా ఇలాంటిదే. మూడు సీఓఓహెచ్‌లూ ఒకే చైన్‌లోకి రావు, అందుకని మూడింటినీ సమానంగా బయట పెట్టి 2-హైడ్రాక్సీప్రొపేన్-1,2,3-ట్రైకార్బాక్సిలిక్ ఆమ్లం అంటారు.

ఇప్పుడు నంబర్ల తగువు. ప్రధాన సమూహం ఉంటే దానికే తక్కువ నంబరు, ఇందులో బేరం లేదు. అది లేనప్పుడు ద్విబంధ త్రిబంధాలకి. అవీ లేకపోతే ప్రతిక్షేపకాలకి. ఇక్కడ కొన్ని గైడ్లలో “నంబర్లన్నీ కూడితే ఏ వైపు తక్కువ వస్తే అది” అని ఉంటుంది. కూడిక నియమం తప్పు. డెకేన్ చైన్ మీద మూడు మిథైల్స్ ఉన్నాయనుకో. ఒక వైపు నుంచి 2, 7, 8. రెండో వైపు నుంచి 3, 4, 9. కూడితే 17, 16 వస్తాయి. కూడిక ప్రకారం రెండోది రాయాలి. కానీ సరైన పేరు 2,7,8-ట్రైమిథైల్‌డెకేన్. రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి, మొదటిసారి తేడా వచ్చిన చోట ఏది చిన్నదో చూడాలి. ఇక్కడ 2, 3 కన్నా చిన్నది, అక్కడితో తీర్పు అయిపోయింది. తర్వాత ఎంత పెద్ద నంబర్లున్నా పట్టించుకోం.

తెలుగు మీడియం పిల్లలకి ప్రత్యేకంగా రెండు మాటలు చెప్పాలి, వీటి గురించి పుస్తకాల్లో పెద్దగా రాయరు. మొదటిది అక్షరక్రమం. ప్రతిక్షేపకాల్ని అక్షరక్రమంలో రాయాలన్న నియమం ఇంగ్లీషు అక్షరాలది. మన వర్ణమాల ప్రకారం పేర్చితే ఇథైల్, క్లోరో, నైట్రో, బ్రోమో, మిథైల్, హైడ్రాక్సీ అవుతుంది. ఇంగ్లీషు ప్రకారం బ్రోమో, క్లోరో, ఇథైల్, హైడ్రాక్సీ, మిథైల్, నైట్రో. తెలుగులో రాస్తున్నా ఈ రెండో వరసే పాటించాలి. డై, ట్రై లాంటివి ఈ వరసలో లెక్కలోకి రావు, కాబట్టి డైమిథైల్ ఉన్నా ఇథైలే ముందు.

రెండోది గుణింతం. బ్యూటేన్, బ్యూటీన్, బ్యూటైన్ మధ్య తేడా ఒక్క గుణింతమే. తొందరలో ఏత్వం గుడిదీర్ఘం అయిపోతే ఏకబంధం ద్విబంధం అయిపోయినట్టే. ఇంతకన్నా ప్రమాదం ఇథనాల్ దగ్గర. పేపర్లలో పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్‌ని కూడా ఇథనాల్ అనే రాస్తారు, ఆల్డిహైడ్‌కీ అదే రాయాల్సి వస్తుంది. నేను పిల్లలకి ఆల్కహాల్ అయితే “ఓల్”, ఆల్డిహైడ్ అయితే “ఆల్” అని కచ్చితంగా విడదీసి రాయమంటాను. ఈ జవాబులోనూ అలాగే రాశాను. పరీక్షలో పేరు పక్కన నిర్మాణం కూడా గీసేస్తే దిద్దేవాళ్ళకి ఏ అనుమానమూ ఉండదు.

నైట్రోజన్ కనబడగానే ఎమీన్ అనడం ఇంకో అలవాటు. పారాసిటమాల్ బిళ్ళ తీసుకో. అందులో ఎన్‌హెచ్ ఉంది, కానీ పక్కనే కార్బోనిల్ ఉంది. అది ఎమైడ్. పేరు ఎన్-(4-హైడ్రాక్సీఫినైల్)ఇథనమైడ్. ముందున్న ఎన్ నంబరు స్థానంలో ఉంది, ఆ ముక్క నైట్రోజన్ మీద తగిలి ఉందని చెప్పడానికి. నిజమైన ఎమీన్ ఎలా ఉంటుందో చూడాలంటే అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చే సముద్రపు చేపని తలుచుకో. ఆ నీచు వాసనకి ముఖ్య కారణం ట్రైమిథైల్ ఎమీన్, ఐయుపిఎసి పేరు ఎన్,ఎన్-డైమిథైల్‌మిథనమీన్. ఎమీన్లు క్షారాలు. చింతపండు పులుసు పడగానే ఆమ్లంతో కలిసి లవణమైపోతుంది, లవణం గాలిలోకి లేవదు, నీచు తగ్గుతుంది. ఎమైడ్‌కి ఈ క్షారగుణం దాదాపు లేదు, ఎందుకంటే నైట్రోజన్ మీది ఎలక్ట్రాన్ జంటని పక్కనున్న కార్బోనిల్ తన వైపు లాక్కుంటుంది.

సమూహాన్ని కాగితం మీద గుర్తుపట్టడం ఒకెత్తు, పరీక్షనాళికలో చూడటం ఒకెత్తు. నాకు బాగా ఇష్టమైన ప్రయోగం ఆస్పిరిన్‌ది. మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. మూత సరిగా పెట్టని పాత ఆస్పిరిన్ సీసా తీస్తే వెనిగర్ వాసన వస్తుంది. కొత్త బిళ్ళ పొడి ఒక నాళికలో, ఆ పాత బిళ్ళ పొడి ఇంకో నాళికలో వేసి, నీళ్ళు పోసి కలిపి, తటస్థ ఫెర్రిక్ క్లోరైడ్ ఒక్కో చుక్క వెయ్యమంటాను. కొత్తదాంట్లో పసుపు ఛాయే ఉంటుంది, మహా అయితే రంగు లీలగా మారుతుంది. పాతదాంట్లో చుక్క పడ్డచోటు నుంచి ముదురు ఊదా రంగు పాకుకుంటూ కిందికి దిగుతుంది. ఆస్పిరిన్ 2-ఎసిటాక్సీబెంజోయిక్ ఆమ్లం. అందులో ఆమ్లమూ ఉంది, ఎస్టరూ ఉంది, ఫీనాల్ ఓహెచ్ లేదు. తేమ తగిలి ఎస్టర్ విడిపోతే ఒకవైపు ఇథనోయిక్ ఆమ్లం, దాని వాసనే మనకి వచ్చింది. రెండోవైపు 2-హైడ్రాక్సీబెంజోయిక్ ఆమ్లం, ఇందులో ఫీనాల్ ఓహెచ్ ఉంది, ఊదా రంగు దానిది. పేరులో ఎసిటాక్సీ పోయి హైడ్రాక్సీ వచ్చింది, నాళికలో రంగు వచ్చింది. పారాసిటమాల్‌లో ఫీనాల్ ఓహెచ్ మొదటినుంచీ ఉంది కాబట్టి అది కొత్త బిళ్ళ అయినా నీలం కలిసిన ఊదా ఇస్తుంది. మీ లెక్చరర్ గారిని అడిగి ల్యాబ్‌లోనే చెయ్యి, ఇంట్లో వద్దు. పాత బిళ్ళలు మింగడం అసలే వద్దు.

2-బ్యూటనోల్ సంగతి. కర్బన సమ్మేళనాల పేర్లకి అంతర్జాతీయంగా మొదటి నియమాలు 1892లో జెనీవాలో పెట్టారు, ఐయుపిఎసి 1919లో ఏర్పడింది. అప్పటినుంచీ నియమాలు మారుతూనే ఉన్నాయి. 1979 నాటి పుస్తకం నంబరుని పేరు ముందు పెట్టింది. 1993 సిఫారసులు నంబరుని అది ఏ ముక్కకి చెందుతుందో ఆ ముక్క ముందే పెట్టమన్నాయి, 2013వీ అదే చెప్పాయి. బ్యూటాన్-2-ఓల్ రాయి. 2013లో ఇంకో పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు ద్విబంధం ఉన్న చైనే ప్రధాన చైన్, ఇప్పుడు పొడుగు చైన్‌దే పైచేయి. ఒక కార్బన్‌కి ద్విబంధంతో సీహెచ్2, మిగతా రెండు వైపులా ఇథైల్, ప్రొపైల్ ఉన్నాయనుకో. పాత లెక్కలో అది 2-ఇథైల్‌పెంట్-1-ఈన్, కొత్త లెక్కలో 3-మిథైలిడీన్‌హెక్సేన్. నీ పాఠ్యపుస్తకం పాత లెక్కలో ఉంటే పరీక్షలో అదే రాయి, పుస్తకం ప్రకారమే దిద్దుతారు. ఇంకో సంగతి, ఎసిటిక్ ఆమ్లం అనే పేరుని 2013 సిఫారసులు కూడా ప్రథమ ఎంపికగానే ఉంచాయి, కాబట్టి దాన్ని పాతపడిన పేరుగా చూడకు.

సాధనకి గైడ్లు కొనక్కర్లేదు. ఇంట్లో, ఊళ్ళో ఉన్నవాటి నిర్మాణం గీసి పేరు పెట్టుకుంటూ పో. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం లారిక్ ఆమ్లమే, పన్నెండు కార్బన్ల తిన్నని చైన్, డోడెకనోయిక్ ఆమ్లం. నూనెలో అది ఒంటరిగా ఉండదు, ప్రొపేన్-1,2,3-ట్రైఓల్‌తో ఎస్టర్‌గా ఉంటుంది. కాస్టిక్ సోడాతో ఆ ఎస్టర్‌ని విడగొడితే సోడియం డోడెకనోయేట్, అదే సబ్బు. పెరుగులో లాక్టిక్ ఆమ్లం 2-హైడ్రాక్సీప్రొపనోయిక్ ఆమ్లం. చింతపండులో టార్టారిక్ ఆమ్లం 2,3-డైహైడ్రాక్సీబ్యూటేన్‌డైఓయిక్ ఆమ్లం. రావులపాలెం మార్కెట్లో మగ్గిన అరటి గెలల దగ్గర వచ్చే వాసనలో ముఖ్యమైనది 3-మిథైల్‌బ్యూటైల్ ఇథనోయేట్. దీన్ని తప్పకుండా గీయి, ఎందుకంటే ఇక్కడ ఆల్కైల్ ముక్కకి విడిగా నంబర్లు వేయాలి, అవి ఆక్సిజన్‌కి తగిలిన కార్బన్ నుంచి మొదలవుతాయి.

ఈ నాలుగూ విప్పి గీసి, పేర్లు రాసి కింద పెట్టమ్మా, చూసి చెప్తాను:

సీహెచ్3 – సీఓ – సీహెచ్2 – సీహెచ్2 – సీఓఓహెచ్
ఎన్‌హెచ్2 – సీహెచ్2 – సీహెచ్2 – ఓహెచ్
సీహెచ్2 = సీహెచ్ – సీహెచ్2 – సీహెచ్ఓ
సీహెచ్3 – సీహెచ్2 – సీఓ – ఓ – సీహెచ్(సీహెచ్3)2

నాలుగోదానికి ఒంటరి ఆక్సిజన్ ఎక్కడుందో ముందు చూడు. మూడోదాంట్లో ద్విబంధం ఎడమ చివర ఉందని అటునుంచి మొదలుపెట్టకు.